హానా వాక్యానికి ఆమేన్

ఫిబ్రవరి 13, గురువారం

హాలు తాళం కోసం వెళ్తే తాళంతో పాటు కాగితాలు కూడా చేతిలో పెట్టింది మిస్ అర్లీన్. పెద్ద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించింది. ఎనభై దాటిన కళ్ళు మరి. ఆదివారం ఆవిడ ఇంగ్లీషులో చదువుతుంది, పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం నేను తర్జుమా చెప్పాలి. వాళ్ళది నల్లవాళ్ళ చర్చి, ఏటా ఫిబ్రవరిలో పూర్వీకుల ఆదివారం చేస్తారు. మధ్యాహ్నాలు అదే హాల్లో అద్దెకు ఆరాధన చేసుకునే మా తెలుగువాళ్ళని ఈసారి కలుపుకుందామని ఆవిడే పట్టుబట్టిందట.

కాగితాల్లో ఉన్నది ఆవిడ ముత్తవ్వ కథ. పేరు హానా. కరోలినాలో ఒక దొర ఇంట్లో వంటమనిషి. బానిస. పారిపోయి బతికి, ముసలితనంలో ఒక పాస్టరుగారి భార్యకి చెప్పి రాయించుకుంది.

వంటింటి బల్ల దగ్గరే కూర్చుని చదివాను. పప్పు అడుగంటింది.

రోజూ సాయంత్రం దొర మెట్ల మీద నిలబడి బానిసలందరి చేతా పరలోక ప్రార్థన చెప్పించేవాడట. హానా కొడుకు టోబీని అమ్మేసిన రోజు కూడా చెప్పించాడు. ఆ రోజు నుంచీ, క్షమించడం గురించిన మాట వచ్చే చోట ఆమె నోరు మూసుకునేది. ఆ ఒక్కచోటే. తర్వాతి మాట నుంచి మళ్ళీ అందుకునేది. దొర కనిపెట్టాడు. పక్కకొచ్చి చెవి పెట్టి విన్నాడు. కొట్టించాడు. నోరు తెరవలేదు. చివరికి మంచాన పడ్డాక, ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఆమెని పిలిపించి, నన్ను క్షమించానని చెప్పు అన్నాడు. ‘నో, సర్’ అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే పారిపోయింది.

ఇక ఆఖరి పేజీ — ‘ఇప్పటికైనా క్షమించావా అని చాలామంది మంచివాళ్ళు అడిగారు. లేదు. ఆ మాట దేవుడితోనే చెప్పాను. ఆయన నన్ను బయటికి పొమ్మనలేదు.’

దీన్ని మా హాల్లో ఎలా చెప్పాలిరా దేవుడా.

ఫిబ్రవరి 14

పాస్టరుగారి ఫోన్. ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, అంతా రెడీయేనా, పిల్లలుంటారు, ఊళ్ళనించి వచ్చిన పెద్దవాళ్ళుంటారు, కాస్త చూసి చెప్పండి... ఏం చూడాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. అలాగేనండీ అన్నాను. నా నోటి నుంచి ముందు వచ్చే మాట అదే కదా ఎప్పుడూ.

ఫిబ్రవరి 16, ఆదివారం

అయిపోయింది. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా కూర్చున్నాను.

హాలు నిండింది. ముందు వరసల్లో మా పెద్దవాళ్ళు — కొడుకుల దగ్గరికీ కూతుళ్ళ దగ్గరికీ వచ్చిన అమ్మానాన్నలు. వాళ్ళ మధ్యలో మా అత్తయ్య, మా ఆయన వాళ్ళమ్మ, ఒళ్ళో బైబిలు. నిజానికి తర్జుమా వాళ్ళకే. మిగతా అందరూ రోజంతా ఇంగ్లీషులో ఉద్యోగాలు చేసేవాళ్ళే. అయినా తర్జుమా లేకపోతే మావాళ్ళకి ఆరాధన జరిగినట్టుండదు. అవతలి మనిషి గొంతెత్తితే మనమూ ఎత్తాలి, చెయ్యి ఊపితే ఊపాలి. ఆలోచించుకునే సందు ఉండదు. బాగా చేస్తానని పేరు నాకు.

మిస్ అర్లీన్ బాగా చదివింది. గొంతు సన్నం, కానీ వణకదు. ‘నో, సర్’ దగ్గర వాళ్ళవాళ్ళు కొందరు అవునన్నట్టు హుమ్మన్నారు. నేను ‘లేదు దొరా’ అన్నాను. అక్కడి దాకా బాగానే ఉంది.

ఆఖరి పేజీ. ఆవిడ కాగితం కిందికి దించేసింది, చూడకుండా చెప్పింది. లేదు. క్షమించలేదు. దేవుడితోనే చెప్పాను. పొమ్మనలేదు.

హాల్లో అందరూ నా వైపు చూస్తున్నారు. అత్తయ్య ముఖం పైకెత్తి, నోరు కొంచెం తెరిచి...

‘నా అంతట నేను క్షమించలేకపోయాను. కానీ క్షమించే కృప దేవుడే నాకిచ్చాడు.’

నేనే అన్నాను. నా నోరే. ఎక్కడినుంచి వచ్చిందో! వచ్చింది అంతే, చిన్నప్పటినుంచీ చర్చిలో ప్రతి సాక్ష్యం చివరా విన్న మాట.

ఆమేన్! హాలంతా ఒక్కసారి. స్తోత్రం, స్తోత్రం అని. అందరికంటే పైన అత్తయ్య గొంతు.

మిస్ అర్లీన్ ఉలిక్కిపడింది. కాగితాలు స్టాండు మీద పెట్టి రెండు చేతులతో అంచు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు.

తర్వాత బిర్యానీ పొట్లాలు పంచే చోట నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతులు పట్టుకుంది. ఏళ్ళ తరబడి చదువుతోందట ఆ పేజీ. అక్కడికి వచ్చేసరికి వాళ్ళవాళ్ళంతా తలలు దించుకుంటారట. ఒక పాస్టరైతే ఆవిడ నోరు మూయకముందే పాట ఎత్తించేవాడట.

“ఆ వాక్యానికి ఆమేన్ వినడం నా జన్మలో ఇదే మొదలు,” అంది. “మీవాళ్ళు అన్నారు.”

నేను నవ్వాను. ఏం నవ్వో!

ఫిబ్రవరి 17

నిస్సి స్కూల్ బస్సుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, “మమ్మీ, ఆవిడ అలా చెప్పలేదు కదా,” అంది. బస్సొచ్చింది.

ఫిబ్రవరి 18

పదిహేనేళ్ళ పిల్లకి తెలిసింది. అంటే అందరికీ తెలుసు! ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు తప్ప ఆ హాల్లో ప్రతివాళ్ళూ రెండూ విన్నారు. ఒక్కరూ ఇదేంటని అడగలేదు. పైగా ఇద్దరు ముగ్గురు చెయ్యి పట్టుకుని, బాగా సర్దావమ్మా అన్నారు. పాస్టరుగారు వాట్సాప్‌లో — జ్ఞానంగా చెప్పారు సిస్టర్, దేవునికే మహిమ.

సర్దడం. వంటింట్లో డబ్బాలు సర్దుతాను, బంధువుల గొడవలు సర్దుతాను. ఇప్పుడు చచ్చిపోయిన మనిషి నోరు కూడా సర్దేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఆఫీస్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ట్రెయినింగ్ ఇచ్చాను. మందుల కంపెనీలో రికార్డు రాసేటప్పుడు తప్పు పడితే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒకే గీత కొట్టాలి, కింద ఉన్న మాట కనపడుతూనే ఉండాలి. పక్కన సంతకం, తేదీ. ఎందుకండీ అంత అని అడిగింది. మందు వేసుకునే మనిషికి మనం ఏం మార్చామో తెలిసే హక్కుంది అన్నాను. ఎంత ధీమాగా చెప్పానో.

బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇది కొత్త చిక్కు. ఆరాధన అయ్యాక మిస్ అర్లీన్ నన్ను చర్చి ముందున్న పూలమడి దగ్గరికి తీసుకెళ్ళింది. మంచు ఇంకా కరగలేదు, ఆవిడ కర్ర జారుతుందేమోనని నాకు భయం. అక్కడ హానా పేరిట రాతి బెంచీ వేయిస్తున్నారట. వెనక పలక మీద ఆఖరి పేజీలోని ఆ వాక్యం చెక్కిస్తారు. పైన ఇంగ్లీషులో.

“కింద మీ భాషలో,” అంది. “మీవాళ్ళు ఆమేన్ అన్న మాట. నువ్వే నీ చేత్తో రాసివ్వు.”

మార్చి నెలాఖరుకి రాయి చెక్కేవాళ్ళకి ఇవ్వాలి.

అలాగే అన్నాను. మళ్ళీ అలాగే!

ఫిబ్రవరి 24

ఏది రాయాలి? ఆవిడ అడిగింది మీవాళ్ళు ఆమేన్ అన్న మాట. హానా చెప్పింది అది కాదు. ఉన్నది రాస్తే మావాళ్ళంతా చదువుతారు, ఇదేంటి ఆ రోజు ఇలా చెప్పలేదే అంటారు, ఆవిడ చెవిన పడుతుంది. నేను చెప్పింది రాస్తే... రాయి మీద. హానా పేరు కింద. ఛీ.

మా ఆయన సుధీర్‌తో చెప్పాను. టీవీ ఆపకుండానే విన్నారు. బెంచీ మీద తెలుగు ఎవరు చదవొచ్చారు సునీతా, ఏదో ఒకటి రాసిచ్చెయ్, పెద్దావిడ సంతోషపడుతుంది అన్నారు. చెడ్డమనిషి కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మార్చి 1, శనివారం

చెప్పేద్దామనే వెళ్ళాను. ఒట్టు. కారులో రిహార్సల్ కూడా చేసుకున్నాను.

ఆవిడ కేక్ చేసి పెట్టింది. మిక్సర్ పాడైతే చేత్తోనే గిలక్కొట్టిందట, భుజం నొప్పంటూనే నవ్వుతోంది. కూర్చోబెట్టి వాళ్ళ నాన్న సంగతి ఎత్తింది. ఆయన చర్చిలో పెద్ద. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని హానా కథ ఆయనే చదివి వినిపించేవాడట. వయసొచ్చాక తానే పుస్తకం తీసి చదివితే ఆఖరి పేజీలో ఆయన చదవని మాట కనపడిందట. వెళ్ళి అడిగింది. అలాంటివి బయట చదివితే మనల్ని ఎవరూ మంచి క్రైస్తవులనుకోరమ్మా అన్నాడట. ఆ మీదట తండ్రీకూతుళ్ళు సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆయన పోయినప్పుడు కూడా మనసులో అదే అడ్డంగా ఉందట.

“మీవాళ్ళ ఆమేన్ మా నాన్న వినుంటే బాగుండేది,” అంది.

ప్లేటులోని కేక్ ముక్క పూర్తిచేసి, నీళ్ళు తాగి, చాలా బాగుందని చెప్పి వచ్చేశాను.

మార్చి 2

పిరికిదాన్ని. రాసుకుంటే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

మార్చి 5, బుధవారం

ఈస్టర్ ముందు శ్రమల దినాలు మొదలు. గుడ్ ఫ్రైడే రోజు మాట్లాడమని, యేసు చివరగా పలికిన ఏడు మాటలూ ఏడుగురికి పంచారు పాస్టరుగారు. సిలువ మీది మొదటి మాట నాకు. క్షమాపణ మాట! కావాలనే ఇచ్చారా అంటే లేదట, ప్రార్థన చేసుకుని ఇచ్చారట.

కూడిక అయ్యాక ఆగి ఆయనతో చెప్పాను, ఆ రోజు నేను మార్చి చెప్పానండీ, ఆవిడకి తెలీదు, ఇప్పుడు రాయి మీద రాయమంటోంది అని. ఓపిగ్గానే విన్నారు. మీరు చెప్పింది వాక్యానుసారం సిస్టర్, ఆమె చెప్పింది మనిషి బాధ. మనం బాధని చర్చిలో బోధించలేం కదా. ఇంకో మాట, హాలు లీజు జూన్‌లో రెన్యూ చేయాలి, రెండు సంఘాల మధ్య శాంతి సమాధానం ఉన్నప్పుడు ఎందుకు కదిలించడం...

అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది ఆయన చెప్తే. కారెక్కాక కదా ఏడుపొచ్చేది.

మార్చి 9

నిస్సి నాతో పోట్లాట. స్కూల్లో ఏదో ప్రెజెంటేషన్‌కి హానా గురించి చెప్తుందట, మిస్ అర్లీన్‌ని పిలుస్తుందట. ఇప్పుడొద్దు అన్నాను. ఎందుకొద్దు? వద్దంటే వద్దు. “నువ్వు ఆవిడకి లై చెప్పావు మమ్మీ, నాకేమో లై చెప్పొద్దంటావు,” అంది. గట్టిగా కూడా అనలేదు. అందుకే అంత తగిలింది.

మార్చి 15, శనివారం

ఈరోజు అత్తయ్యకి చెప్పాను.

ముందు కాగితం మీద రాసుకున్నాను, ఉన్నదున్నట్టు. ‘ఇప్పటికైనా క్షమించావా అని చాలామంది మంచివాళ్ళు అడిగారు. లేదు. ఆ మాట దేవుడితోనే చెప్పాను. ఆయన నన్ను బయటికి పొమ్మనలేదు.’ తెలుగులో ఎంత హాయిగా కుదిరింది! ఎక్కడా అడ్డం రాలేదు. కష్టం భాషలో లేదన్నమాట.

అత్తయ్య గోంగూర దూస్తోంది. చదివి వినిపించాను. ఆ రోజు అర్లీన్ గారి ముత్తవ్వ చెప్పింది ఇదత్తయ్యా, నేను వేరేగా చెప్పాను అన్నాను. తిడుతుందనుకున్నాను. ప్రార్థన చేసుకోమంటుందనుకున్నాను.

అత్తయ్యకీ ఒక సాక్ష్యం ఉంది. స్త్రీల సమాజంలో లేచి చెప్తుంది, ఎక్కడికెళ్ళినా చెప్పించుకుంటారు. సుధీర్‌కి పైన ఒక అన్న ఉండేవాడు. ఊళ్ళో వాడికి జ్వరం ముదిరితే బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆసామి బండి ఇవ్వలేదు, ఎడ్లు అలిసిపోయాయన్నాడు. మామయ్య ఆ పొద్దంతా ఆ ఎడ్లతోనే ఆసామి పొలం దున్ని వచ్చారు. భుజాన వేసుకుని నడిచారు. సగం దారిలో పిల్లాడు పోయాడు. అక్కడినుంచి — యేసయ్య నా గుండెలో రాయి తీసేశాడు, ఆసామిని క్షమించాను, దేవునికి స్తోత్రం. అందరూ ఏడుస్తారు. ఆమేన్ అంటారు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ వింటున్నాను, నేనూ అన్నాను.

గోంగూర దూయడం ఆపలేదు. దూస్తూనే అడిగింది.

“దేవుడితో అట్టా అనొచ్చా అమ్మాయ్?”

“ఆమె అంది కదత్తయ్యా.”

“ఊరుకున్నాడా ఆయన?”

ఊరుకున్నాడటత్తయ్యా అన్నాను.

కాడలన్నీ ఒక పక్కకి నెట్టింది. ఆకులో చెయ్యి పెట్టి ఉత్తినే కలుపుతూ కూర్చుంది.

“నాకెవరూ చెప్పలేదే,” అంది.

తర్వాత, నా వైపు చూడకుండా — సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఆమేన్ అనేవాళ్ళే, అంటుంటే ఇంకా బాగా చెప్పేదాన్ని.

నేను ఆ రోజు హాల్లో ఏం చేశానో ఇప్పుడు తెలిసింది. మిస్ అర్లీన్‌కి మాత్రమే కాదు చేసింది. ముందు వరసలో ముఖం పైకెత్తి కూర్చున్న మనిషికి రావాల్సిన మాట మధ్యలో నేను మింగేశాను.

మార్చి 16

అత్తయ్య ఆరాధనకి రానంది. మోకాళ్ళు నొప్పులట.

మార్చి 18

మిస్ అర్లీన్ వాయిస్‌మెయిల్. తెలుగు రాసి పెట్టావా బేబీ, తొందరేం లేదు.

మార్చి 22, శనివారం

చెప్పాను.

కోటు కూడా విప్పకుండా, కుర్చీలో కూర్చోకుండా చెప్పేశాను. ఆగితే మళ్ళీ కేక్ పెడుతుందని భయం. ఆ రోజు మీ ఆఖరి వాక్యం నేను మార్చాను, వాళ్ళు ఆమేన్ అన్నది హానా మాటకి కాదు, నా మాటకి.

ఆవిడకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. చెవిటిదానిలా మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, నువ్వన్నది నాకు ఇంగ్లీషులో చెప్పు అంది.

చెప్పాను. నా అంతట నేను క్షమించలేకపోయాను, కానీ క్షమించే కృప దేవుడే నాకిచ్చాడు. ఇంగ్లీషులో ఇంకా అందంగా ఉంది, దరిద్రం.

ఆవిడ నవ్వింది. పెద్దగా కాదు.

“ఇది మా నాన్న చదివినట్టే ఉంది,” అంది. “ఇంచుమించు ఇవే మాటలు.”

క్షమించండి అన్నాను. నోట్లోంచి వచ్చాక తెలిసింది ఎవరిని ఏం అడుగుతున్నానో. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ సింకు దగ్గరికెళ్ళి కప్పులు కడగడం మొదలుపెట్టింది, కడిగిన కప్పులే.

సరైన తెలుగు రాసి తెచ్చాను, ఇది చెక్కించండి అని కాగితం బల్ల మీద పెట్టాను. అటు చూడను కూడా లేదు.

“దీనికి ఆమేన్ అన్లేదుగా ఎవరూ,” అంది.

వీపు నా వైపే ఉంది. నేను వచ్చేశాను. తలుపు నేనే దగ్గరికి వేసుకున్నాను.

మార్చి 23

హాలు తాళం ఈసారి వాళ్ళ సెక్రటరీ ఇచ్చింది. మిస్ అర్లీన్ ఏదీ అని అడగాలనిపించింది. అడగలేదు.

మార్చి 29

ఏమీ లేదు రాయడానికి. మిస్ అర్లీన్‌కి ఫోన్ చేస్తే తియ్యలేదు. రెండోసారి చెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

బెంచీ వచ్చింది. పలక మీద పైసగం ఇంగ్లీషు. కిందసగం నున్నగా, ఖాళీగా. రాయి ముందే పెద్దది కోయించినట్టున్నారు, మా కోసం. ఆరాధన అయ్యాక మా పిల్లలు దాని మీదెక్కి జ్యూస్ తాగుతున్నారు. ఒకాయన అటూ ఇటూ చూసి, ఇంకేదో చెక్కాలేమో, పని సగంలో వదిలేశారు, వీళ్ళింతే అన్నాడు. పాస్టరుగారు కూడా చూశారు. కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 10

స్త్రీల సమాజంవాళ్ళు అత్తయ్యకి వీడ్కోలు కూడిక పెట్టారు, ఎల్లుండి ఇండియా ప్రయాణం కదా. చివర్లో, అమ్మా మీ సాక్ష్యం ఒక్కసారి చెప్పి వెళ్ళండి అన్నారు. అత్తయ్య లేచింది. చీర కొంగు సర్దుకుంది. అందరూ టిష్యూలు తీసుకుంటున్నారు అప్పటికే.

నా కొడుకు పేరు యోహాను, మీరెవరూ అడగలేదు గానీ, అంది. కూర్చుంది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో పాట అందుకున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేనూ ఆ పేరు ఎప్పుడూ అడగలేదు.

ఏప్రిల్ 12

నెవార్క్ ఎయిర్‌పోర్ట్ నుంచి అత్తయ్య వెళ్ళింది. వీల్‌చైర్‌లో కూర్చుని, చెయ్యి ఊపకుండా, నా వైపే చూస్తూ వెళ్ళింది. ఇంట్లో గోంగూర వాసన ఇంకా ఉంది.

ఏప్రిల్ 15

మిస్ అర్లీన్‌కి వాయిస్‌మెయిల్ పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నం మా హాల్లో నేను మాట్లాడతాను, హానా మాట ఉన్నదున్నట్టు చెప్తాను, వస్తే రండి, రాకపోయినా చెప్తాను అని. పాస్టరుగారికి చెప్పలేదు. అడిగితే వద్దంటారు, వద్దంటే నేను అలాగే అంటాను. అందుకని అడగలేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

వచ్చింది. వెనక, తలుపు పక్క కుర్చీలో. కోటు విప్పలేదు. నిస్సి వెళ్ళి పక్కన కూర్చోబోతే కర్ర జరిపి చోటిచ్చింది.

మొదటి మాట నాదే కదా, ఆగే పని లేదు. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. సిలువ మీద ఆయన క్షమించమన్నాడు, నిజమే. హానా అనే ఆమె క్షమించలేదు, అదీ నిజమే. ఫిబ్రవరిలో నేను ఇక్కడే నిలబడి మీకు అబద్ధం చెప్పాను అన్నాను. కాగితం తీసి చదివాను. తెలుగులో ఒకసారి. ఆవిడ కోసం ఇంగ్లీషులో ఒకసారి. మళ్ళీ తెలుగులో. ‘ఆయన నన్ను బయటికి పొమ్మనలేదు.’

ఆగాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. హీటర్ చప్పుడు. ముందు వరసలో ఒక పెద్దాయన దగ్గబోయి ఆపుకున్నాడు. బాగా సర్దావమ్మా అన్న ఆవిడ ఒళ్ళోకి చూసుకుంటోంది. అత్తయ్య కూర్చునే కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగ్ ఉంది. అత్తయ్య ఉండుంటే... ఏమో. ఉండుంటే కూడా ఏమో.

వెనక మిస్ అర్లీన్ తల కొంచెం వంచి వింటోంది. మేము మాట్లాడుతున్నట్టే వింటోంది.

పాస్టరుగారు లేచారు. కోపంగా లేరు, అలసటగా ఉన్నారు. పాట పాడుకుందాం అన్నారు.

పాట మధ్యలో మిస్ అర్లీన్ బయటికి వెళ్ళిపోతుంటే వెనకాల పరిగెత్తాను. బయట తలుపు దగ్గర ఆగింది.

ఈసారి మార్చలేదండీ అన్నాను.

“తెలుసు. ఎవరూ ఆమేన్ అనని ఈ చప్పుడుతోనే పెరిగాను,” అంది.

కోటు గుండీ పెట్టుకుంటోంది. చేతులు సరిగ్గా పట్టడం లేదు. సాయం చేద్దామని చెయ్యి చాపాను, చాపిన చెయ్యి అక్కడే ఆగింది. ఆవిడే పెట్టుకుంది, నెమ్మదిగా. తర్వాత నా ముఖంలోకి చూసింది. చాలా రోజులకి.

“మరి నువ్వన్నావా?”

ఏమిటండీ అన్నాను. తెలిసే అన్నాను.

“ఆమేన్. వాళ్ళ సంగతి సరే. నువ్వు అన్నావా?”

లోపల పాట రెండో చరణంలో ఉంది. నేను అనలేదు. ఫిబ్రవరిలోనూ అనలేదు, ఈరోజూ అనలేదు. తర్జుమా చేసేవాళ్ళు అనరు, అవతలి మాట ఇవతల పెట్టి ఊరుకుంటారు. ఇంత చేశాను, అందరి ముందూ ఒప్పుకున్నాను, ఎవరు అంటారా అని హాలంతా కళ్ళతో వెతికాను. నేను అనాలని నాకు తట్టనే లేదు.

అక్కడికక్కడే అనెయ్యొచ్చు. నోటి దాకా వచ్చింది. ఇప్పుడంటే ఆవిడ కోసం అన్నట్టుంటుంది, సర్దినట్టుంటుంది. అది నిజంగా నా లోపల ఉందో లేదో నాకే తెలియలేదు.

జవాబు కోసం ఆవిడ నిలబడే ఉంది. నేను బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు చెయ్యి పెట్టాను.